సముద్రం లేని ఊళ్లో సముద్రపు దొంగలు

ప్రశ్న: మధ్య అమెరికాలోని నికరాగ్వా దేశంలో గ్రనాడా అనే ఊరు సరస్సు ఒడ్డున ఉంది కదండీ, దాన్ని సముద్రపు దొంగలు దోచుకున్నారని ఒక వీడియోలో విన్నాను. సముద్రమే లేని ఊరికి వాళ్లెలా వచ్చారు? ఫొటోల్లో ఉన్న ఆ రంగురంగుల ఇళ్లు అప్పటివేనా? - ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: దొడ్డిదారిన వచ్చారండీ. మ్యాపులో ఊరు పసిఫిక్ వైపే కనిపిస్తుంది గానీ, నికరాగ్వా సరస్సు నీళ్లన్నీ శాన్ హువాన్ నది గుండా అటు కరీబియన్ సముద్రంలో కలుస్తాయి. సరస్సంటే హుస్సేన్‌సాగర్‌ని ఊహించుకోకండి, ఎనిమిది వేల చదరపు కిలోమీటర్ల పైమాటే, స్పెయిన్ వాళ్లు దాన్ని తియ్యటి సముద్రం అనేవారు. సొరచేపలు కూడా ఆ నదిలో ఎదురీదుకుంటూ సరస్సులోకి వస్తాయి, ఇక మనిషి రాలేడా!

1524లో ఫ్రాన్సిస్కో హెర్నాండెజ్ డి కోర్డోబా ఈ ఊరు కట్టి, స్పెయిన్‌లోని గ్రనాడా పేరే పెట్టాడు. రెండేళ్లకి పైఅధికారే అతని తల తీయించాడు, ఇప్పుడేమో ఆ దేశం డబ్బుకి అతని పేరే! ఆ నది దారినే సరుకు సముద్రానికి వెళ్లేది, ఊరు బలిసింది. 1665లో హెన్రీ మోర్గాన్ అనే సముద్రపు దొంగ ముఠా అదే నదిలో చిన్న పడవలేసుకుని వచ్చి ఊరు ఊడ్చేసింది. ఆ తర్వాత గానీ నది దారి మధ్యలో, ఒడ్డున కోట లేవలేదు. మనవాళ్లయితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారనేవారు.

ఇళ్ల సంగతికొస్తే, ఎక్కువ భాగం అప్పటివి కావు. ఈ ఊరికి లియోన్ అనే ఊరితో బద్ధవైరం. ఆ పోరు పడలేకే 1852లో మధ్యలో ఉన్న మనాగ్వాని రాజధాని చేశారు. అయినా తగ్గలేదు, 1855లో లియోన్ వాళ్లు విలియం వాకర్ అనే అమెరికన్ని, అతని కిరాయి మూకని పిలిపించుకున్నారు. అతను ఈ దారిన కాలిఫోర్నియా వెళ్లే ప్రయాణికుల్ని సరస్సు దాటించే స్టీమరొకటి లాక్కుని, రాత్రికి రాత్రి సరస్సు మీదుగానే వచ్చి తెల్లవారేసరికి గ్రనాడాని పట్టేశాడు. మరుసటి ఏడు తనే అధ్యక్షుడయ్యాడు, రద్దయిన బానిసత్వాన్ని మళ్లీ తెచ్చాడు. చుట్టుపక్కల దేశాలన్నీ కలిసి తరిమితే, పోతూ పోతూ అతని మనుషులు ఊరు తగలబెట్టి "ఇక్కడ గ్రనాడా ఉండేది" అని రాసి మరీ పోయారు. మీరు చూసిన ఇళ్లు ఆ బూడిద మీద మళ్లీ కట్టుకున్నవి.

ఎప్పుడైనా వెళ్తే ఊరి మధ్య పార్కులో విగొరోన్ తినండి. ఉడికించిన కర్రపెండలం, మీద కరకరలాడే పంది తోలు, పుల్లటి క్యాబేజీ, అదీ ఆకులో పెట్టి ఇస్తారు.