నూనె చుక్కచుక్కగా పొయ్యి తల్లీ

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఉద్యోగం మానేశావట, నాచారంలో షెడ్డు అద్దెకు తీసుకున్నావట, బ్యాక్టీరియాకి నూనె తినిపించి ప్లాస్టిక్ తీస్తావట. వాడి గొంతంతా భయమే. ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మతో "మన ఇంటి పిల్ల ఫెర్మెంటర్ నడుపుతుందట, సూక్ష్మజీవుల్ని పెంచే ట్యాంకు" అని మూడుసార్లు చెప్పాను. తర్వాత నాకూ నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు యాంటిబయాటిక్ ఫ్యాక్టరీలో ట్యాంకుల పక్కన గడిపినవాణ్ని, అక్కడ ఏమేం జరుగుతాయో నాకు తెలుసు.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. నత్రజని తగ్గించి నూనె అందిస్తుంటే ఆ సూక్ష్మజీవి, అదే నీ కుప్రియావిడస్ నెకేటర్, మిగులు తిండిని గింజల్లా ఒంట్లో దాచుకుంటుంది. మన ఒంట్లో కొవ్వు చేరినట్టే. ఆ గింజలే నీ ప్లాస్టిక్. ఎండబెట్టి తూస్తే బరువులో 80 శాతం దాకా ఆ ప్లాస్టికే ఉండొచ్చు. చక్కెర కిలోకి 300, 400 గ్రాములు వచ్చే చోట నూనె కిలోకి 600 నుంచి 800 దాకా వస్తుంది కాబట్టి నూనె పట్టుకున్నావు, మంచి పని. వేరే క్రిములు చావాలంటే 121 డిగ్రీల ఆవిరి, నీళ్లున్న మీడియాకి, అంటే అవి పెరిగే పోషక ద్రవానికి చాలు, వట్టి నూనెకు చాలదు. నూనెలోకి తేమ చొరబడదు, స్పోర్లు, అంటే క్రిముల మొండి విత్తనాల్లాంటివి, బతికిపోతాయి. దాన్ని విడిగా, ఎక్కువ వేడి మీద, ఎక్కువసేపు ఉంచు. మిర్చిబజ్జీ బండ్ల వాడేసిన నూనె ఒక రోజులా ఇంకో రోజు ఉండదు. మొదటి ఆరు నెలలు ఒకే హోటల్ నుంచి తెచ్చుకో, ఉప్పూ పిండీ తేరాక వడకట్టు.

ఇక అసలు సంగతి. నూనె ఒక్కసారిగా పొయ్యకు.

మా ట్యాంకుల్లో నురుగు అణచడానికి మేమూ నూనే వాడేవాళ్లం. 1988 డిసెంబరులో ఒక రాత్రి, మూడింటికి, నురుగు పైకి ఎగదన్నింది. అప్పటికి వరసగా నాలుగో రాత్రి షిఫ్టు నాది. కొద్దికొద్దిగా వదలాల్సిన నూనె వాల్వును పూర్తిగా తిప్పేశాను. నురుగు చప్పున కూలింది. హమ్మయ్య అనుకుని టీ తాగాను. వచ్చి చూస్తే ఆక్సిజన్ మీటరు ముల్లు దిగిపోతోంది. నూనె ఎక్కువైతే గాలి బుడగలు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవైపోతాయి, ఆక్సిజన్ నీళ్లలోకి సరిగా దిగదు. గాలి పెంచాను, మళ్లీ నురుగు. తగ్గించాను, ముల్లు ఇంకా కిందికి. లోపల ప్రాణులు ఊపిరాడక పోతున్నాయి, నేను బయట నిలబడి చూస్తున్నాను.

అరగంటకోసారి లాగ్‌బుక్‌లో రీడింగ్ రాయాలి. నాలుగింటికి 40 అని రాశాను. నాలుగున్నరకు 40. ఐదుకి 40. ముల్లు 10 దగ్గర కూడా లేదు.

ఆరింటికి గేటు దగ్గర నా తర్వాతి షిఫ్టు అతను ఎదురొచ్చి "అన్నా, బ్యాచ్ మంచిగుందా?" అని అడిగాడు. మంచిగనే ఉంది అన్నాను. బస్సెక్కి ఇంటికొచ్చేశాను. మధ్యాహ్నానికి బ్యాచ్ మొత్తం పోయింది. నా పుస్తకం ప్రకారం ఆరు దాకా అంతా సవ్యం, కాబట్టి తప్పు అతనిది. 15 రోజుల జీతం కోశారు. అతనికి అప్పటికి ఇద్దరు చిన్న పిల్లలు. నేను నోరు విప్పలేదు. తర్వాత వాళ్ల అమ్మాయి పెళ్లికి వెళ్లి అక్షింతలు వేసి వచ్చాను, అప్పుడూ చెప్పలేదు.

నీ ట్యాంకులో నూనె మందు కాదు, తిండి. చక్కెర కంటే నూనెను అరిగించుకోవడానికి వాటికి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావాలి. పైగా నూనె విరిగి వచ్చే కొవ్వు ఆమ్లాలు పోగైతే నురుగూ పెరుగుతుంది. ల్యాబు ఫ్లాస్కులో బాగా వచ్చిందని పెద్ద ట్యాంకులో అదే లెక్కన పొయ్యకు. అవి తిన్నంత పెట్టు, మీటర్ చూస్తూ పెట్టు. చేత్తో వాల్వు తిప్పకు, చిన్న పంపు కొనుక్కో. డబ్బు నేనిస్తాను, మీ నాన్నకు చెప్పకు.

క్లోరోఫాంతో ప్లాస్టిక్ తీస్తానంటే నాకు కోపం వస్తుంది. వేరే పద్ధతి వెతుకు. తప్పదంటే, రేకుల షెడ్డులో తలుపులు మూసుకుని, రాత్రి పూట, ఒంటరిగా మాత్రం వద్దు. ఎవర్నైనా తోడు పెట్టుకో. ఎవరూ లేకపోతే నాకు ఫోన్ చెయ్యి, తార్నాక నుంచి ఎంత దూరం? మీ పెద్దమ్మ ఫ్లాస్కులో టీ పోసిస్తుంది, నేను కుర్చీ వేసుకుని కూర్చుంటాను.

ఈ ప్లాస్టిక్ అమ్మేముందు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ తీసుకోవాలి, అది ముందే మొదలుపెట్టు.

కోఠీ వెళ్లి గట్టి అట్ట రిజిస్టరు ఒకటి కొన్నాను. పేజీలకు నంబర్లు నా చేత్తో వేశాను, 1 నుంచి 200 దాకా. ఒక్క కాగితం చింపినా తెలిసిపోతుంది. ఆదివారం పొద్దున తెచ్చిస్తాను. దారిలో రామంతాపూర్‌లో ఆగాలి, అతని ఇల్లు అక్కడే. ఆలస్యమైతే కంగారు పడకు.

ఆశీస్సులతో,
పెదనాన్న