చంటిగాడి ఆట గురించి అమ్మాయికి

ఫ్రిస్కో, టెక్సాస్

చి.ల.సౌ. అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు ఒకటే ఏడుపు. పక్కనుంచి అల్లుడుగారు "చదువు తగలేస్తున్నాడు" అని కేకలు. ఆ గోలలో నా మాట ఎవరికీ వినపడలేదు. అందుకే కాగితం పట్టుకున్నాను.

మీ చంటిగాడు కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో బంతిని గోల్ పోస్టుల మధ్యకి తన్నే కిక్కర్‌గా నాలుగో ఏడాదికి వచ్చాడు, ఇక జీతానికి ఆడే పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ప్రయత్నిస్తానంటున్నాడు. మాన్పించమని రాయడం లేదు. వాడు వెళ్లాలనుకుంటున్న దారిన నడిచిన కుర్రాళ్లకి కొంతమందికి నేను పన్నుల లెక్కలు చూశాను. వాళ్లలో మీరు పేరు విన్నవాడు ఒక్కడూ లేడు. మనకి పనికొచ్చేది వాళ్ల అనుభవమే.

జట్లు 32. జట్టుకి కిక్కర్ ఒక్కడు. కాలేజీ కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టు ఏడు రౌండ్లు జరుగుతుంది కానీ అందులో కిక్కర్లకి దక్కేవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి ఏప్రిల్‌లో డ్రాఫ్టు రోజున బంధువులందర్నీ పిలిచి, టీవీ ముందు కూర్చోబెట్టి బిర్యానీ వడ్డించే ఆలోచన ఉంటే మానుకో. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటుంది. ఆ రోజు పేరు పిలవకపోతే ఆట అయిపోయినట్టూ కాదు. ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు, 2,673, చేసిన ఆడమ్ వినటియెరీని డ్రాఫ్టులో ఎవరూ తీసుకోలేదు. 1996లో ముందు యూరప్ లీగ్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ జట్టులో ఆడి, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు పేట్రియట్స్‌లో చేరాడు.

మీ తాతయ్య మిర్చి వేసిన రోజులు నీకు గుర్తుండవు. కల్లంలో కాయలు ఎండగానే గుంటూరు యార్డుకి తోలి, ఆ రోజు ఎంత పలికితే అంతకి అమ్మేవాడు. అప్పులవాడు ఇంటిముందు కూర్చుంటే ఇంకేం చేస్తాడు? చేతిలో నాలుగు డబ్బులున్న పక్కచేను ఆయన మాత్రం టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర వచ్చేదాకా ఆగేవాడు. ఇద్దరివీ ఒకే రకం కాయలు. చంటిగాడి కాలు ఎంత బలమైందో నేను చెప్పలేను, నువ్వూ చెప్పలేవు. ఎంతకాలం ఆగగలడన్నది మాత్రం మన చేతుల్లో ఉంది. వాడికి ఆ కోల్డ్ స్టోరేజీ కట్టిపెట్టడమే మీ పని.

నేను ఐయోవాలో డెమాయిన్‌లో ఉన్నప్పుడు బార్న్‌స్టార్మర్స్ అని ఇండోర్ ఫుట్‌బాల్ జట్టొకటి ఉండేది. ఆఫీసువాళ్లు లాక్కెళ్తే ఆట అర్థంకాకపోయినా వెళ్లేవాణ్ణి. అక్కడ బంతి విసిరే కుర్రాడే కర్ట్ వార్నర్. నార్తర్న్ ఐయోవా కాలేజీలో ఆఖరి ఏడాది మాత్రమే అసలు జట్టులో ఆడాడు. 1994లో డ్రాఫ్టు కాలేదు, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ప్యాకర్స్ క్యాంపుకి పిలిచి పంపించేశారు. ఆ తర్వాత సీడర్ ఫాల్స్‌లో హైవీ అనే కిరాణా షాపులో రాత్రిపూట అరల్లో సరుకులు సర్దాడు, గంటకి 5 డాలర్ల 50 సెంట్లు. పగలంతా ప్రాక్టీసుకి ఖాళీ ఉండాలని రాత్రి పని. తర్వాత బార్న్‌స్టార్మర్స్, 1998లో ఆమ్‌స్టర్‌డామ్, ఆపైన సెయింట్ లూయిస్ ర్యామ్స్‌లో బెంచి. 1999లో సీజన్ మొదలుకాకముందే ట్రెంట్ గ్రీన్ మోకాలు దెబ్బతింది, వార్నర్‌ని దింపారు. ఆ ఏడాది స్కోరు తెచ్చిన టచ్‌డౌన్ పాస్‌లు 41, లీగ్‌లో ఉత్తమ ఆటగాడు, ఆఖరి పోటీ సూపర్ బౌల్‌లో గెలుపు. ఈ కథ చెప్పి కుర్రాళ్లని ఉసిగొల్పేవాళ్లు చాలామంది. నేను చెప్పేది ఆ గంటకి అయిదున్నర గురించి. అదే లేకపోతే ఆ రోజులు ఎలా గడిచేవి?

అల్లుడుగారికి ఇంకొకటి వినిపించు. మా ఊళ్లోనే ప్రాక్టీసు చేసే కౌబాయ్స్ జట్టు కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ కాలేజీలో ఆడింది సాకర్. 2017లో సాకర్ లీగ్ డ్రాఫ్టులో మొదటి రౌండులోనే తీసుకున్నారు, అది నిలవలేదు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా ఉద్యోగం చేసుకుంటూ కిక్కులు నేర్చుకున్నాడు. బర్మింగ్‌హామ్‌లో వసంతకాలం లీగ్‌లో రెండేళ్లు ఆడి, 28 ఏళ్లకి 2023లో కౌబాయ్స్‌కి వచ్చాడు. వచ్చీరాగానే మొదటి 35 ఫీల్డ్ గోల్స్ వరసగా కొట్టాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా మొదలుపెట్టినవాడు అంతకుముందు లేడు. సాఫ్ట్‌వేర్ మానేస్తే జీవితం ఏమైపోతుందో అని బెంగపడే మన ఇళ్లలో ఈ సంగతి గోడకి రాసిపెట్టుకోవాలి.

కాబట్టి డిగ్రీ పూర్తిచేయించు. జనవరి నుంచి డ్రాఫ్టుకి ట్రైనింగ్ అని క్లాసులు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. వీడి చేత మిగిలిన క్రెడిట్లు ముందే తీయించేయండి. తర్వాత రోజుకి నాలుగైదు గంటలు ఎక్కడినుంచైనా చేసుకోగల పని ఒకటి ఉండాలి. కిక్కర్‌కి ఫోన్ మంగళవారం వస్తే బుధవారం ఇంకో ఊళ్లో ఉండాలి.

ఇక కాగితాలు. ఏజెంటుకి ఆటగాళ్ల సంఘం ఇచ్చిన సర్టిఫికేషన్ ఉందో లేదో చూడండి. వాళ్లు తీసుకోగలిగింది కాంట్రాక్టులో 3 శాతం దాకా, అది కూడా బేరమాడొచ్చు. ట్రైనింగ్ ఖర్చు మేమే పెడతాం అంటారు. ఉద్యోగం రాకపోతే తిరిగివ్వాలా అని అడిగి, సమాధానం రాతలో తీసుకోండి. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయికి ఆ లెక్క ఏడాది తర్వాత వచ్చింది. అప్పటికి ఆడిందీ లేదు, సంపాదించిందీ లేదు. ఇంకో మాట, కాలేజీ ఆట మిగిలి ఉండగా డ్రాఫ్టు ఏజెంటు కాగితం మీద సంతకం పెట్టకూడదు, అర్హత పోతుంది.

ఒకవేళ జట్టులో చోటు వచ్చిందనుకో. 2025లో కొత్తవాడి కనీస జీతం 8,40,000 డాలర్లు. ఊళ్లో ఎవరైనా ఏడు కోట్లని లెక్కగడతారు. కానీ అది సీజన్‌లో 18 వారాల చెక్కులుగా వస్తుంది, వారానికి 46 వేల చిల్లర. మూడో వారం రెండు కిక్కులు తప్పితే నాలుగో వారం ఇంకొకడు. అప్పుడు వాడి జీతం మూడు చెక్కులు, పన్నులు పోగా మిగిలింది. కాలిఫోర్నియాలో ఆడిన రోజులకి కాలిఫోర్నియాకి పన్ను కట్టాలి, ఇల్లు టెక్సాస్‌లో ఉన్నా సరే. సంతకం పెట్టినప్పుడిచ్చే బోనస్, గ్యారంటీ అని రాసిన మొత్తం, ఈ రెండే లెక్కవేయండి. మిగతాది పొలంలో ఉన్న పంట. లీగ్ పింఛనుకైనా లెక్కకొచ్చే సీజన్లు మూడు ఉండాలి. మొదటి మూడేళ్లూ అద్దె ఇల్లు, పాత కారు. నీకు బంగారం కొనిస్తానంటే కూడా వద్దను.

కాలేజీ ఆటగాడిగా తన పేరు వాడుకోనిచ్చినందుకు ఇప్పుడు వాడికొచ్చే డబ్బులో ఎవరూ పన్ను పట్టుకోరు. మూడు నెలలకోసారి వాడే కట్టుకోవాలి. కట్టాడా అని అడుగు. నాకు అనుమానమే.

దెబ్బల గురించి నీ భయం నాకు తెలుసు. కిక్కర్‌కి తల దెబ్బలు తక్కువ, లేవని కాదు. తగిలితే దాచొద్దని వాడికి ఒక్కసారి గట్టిగా చెప్పు, రోజూ చెప్పకు. ఆదివారం ఆట అయిపోగానే ఫోన్ చేసి "ఎందుకు తప్పింది" అని కూడా అడగకు. వాడి ఇరవై రెండేళ్ల బుర్రలో అదే తిరుగుతూ ఉంటుంది. అన్నం తిన్నావా అని అడుగు చాలు.

ఈ ఏడాది ఏజెంట్లు ఎవరైనా కాగితాలు పంపితే సంతకం పెట్టకముందు నాకు పంపించు. రిటైరయ్యానని మొహమాటపడకు. క్రిస్మస్ సెలవులకి ముగ్గురూ రండి. ఇంటి వెనక పార్కులో గోల్ పోస్టులున్నాయి. వాడు కొడుతుంటే బంతులు ఏరి తెచ్చే ఉద్యోగం నాది. మీ అత్తయ్య అరిసెలకి బెల్లం ఇప్పుడే తెప్పించి పెట్టింది.

మీ మావయ్య