కారుకు రెండుసార్లు బ్రేకు డిస్కులు మార్చినా ఐదారు వేల కిలోమీటర్లకే బ్రేకు నొక్కితే స్టీరింగ్ ఊగుతోందా? ముందు హబ్ చూడండి

ఇది డిస్కు నాణ్యత సమస్య కాకపోవచ్చు. కొత్త డిస్కును తుప్పు పట్టిన హబ్ (డిస్కు, చక్రం బిగించే భాగం) మీదే బిగించి ఉంటారు. డిస్కు వెనక వెంట్రుకవాసి తుప్పు పెచ్చు ఉన్నా అంచు దగ్గర అటూ ఇటూ ఊగుతుంది. బ్రేకు నొక్కకపోయినా ప్రతి చుట్టులో బ్రేకు ప్యాడ్ ఒకేచోట తగిలి అక్కడ డిస్కు పలచబడుతుంది. అందుకే మొదట్లో బాగుండి, తర్వాత వణుకు మొదలవుతుంది. చాలామంది దాన్నే డిస్కు వంకరపోయిందంటారు.

1. హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో, ఎమెరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్దించండి. స్టడ్ల (చక్రం నట్లు ఎక్కే బోల్టుల) మొదళ్ల చుట్టూ ఉండే తుప్పునే అందరూ వదిలేస్తారు. గ్రీజు పూయొద్దు.

2. డిస్కు పెట్టి నట్లన్నీ బిగించాకే డయల్ గేజ్ (డిస్కు ఎంత ఊగుతోందో కొలిచే పరికరం) పెట్టాలి, అంచుకు 10 మి.మీ. లోపల. ఊగడం 0.05 మి.మీ. లోపు ఉండాలి. ఎక్కువొస్తే డిస్కును ఒక స్టడ్ జరిపి మళ్లీ కొలవండి. ఎక్కువగా ఊగే చోటు డిస్కుతో పాటు జరిగితే తప్పు డిస్కుది. హబ్ దగ్గరే ఉండిపోతే హబ్ లేదా బేరింగ్‌ది. ఈ కొలత తీయని మెకానిక్‌కు మూడో సెట్టు డిస్కుల పని ఇవ్వకండి.

3. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) జరిగే స్లైడ్ పిన్నులు చేత్తో జరగాలి. పట్టేస్తుంటే శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు.

4. వీల్ నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో (బిగింపు ఎంతో చూపే పానాతో), మాన్యువల్‌లో ఉన్న అంకెకే. ఎయిర్ గన్‌తో చివరి బిగింపు వద్దు.

5. కొత్త ప్యాడ్లు సర్దుకోడానికి వేగాన్ని గంటకు 60 కి.మీ. నుంచి 10కి ఎనిమిది పదిసార్లు బ్రేకుతో మెల్లగా తగ్గించండి, పూర్తిగా ఆపకుండా.