‘బీజీ–3’ పత్తి గింజలు వేయొచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం. నాలుగెకరాల నల్లరేగడి కౌలుకు చేస్తున్నాను. మూడెకరాలు పత్తి, ఎకరం మిర్చి. కిందటేడు కూలీలు దొరక్క కలుపు తీయడానికే చాలా ఖర్చయింది. పైగా చివర్లో గులాబీ పురుగు పడి గుడ్డి పత్తి వచ్చింది. ఈసారి ఒకాయన ‘బీజీ–3’ గింజలు తెచ్చిస్తానంటున్నాడు. గడ్డి మందు పైన కొట్టినా మొక్క చావదట, పురుగు కూడా రాదట. వేయమంటారా? ఇంకో సందేహం. బీటీ పత్తి చెక్క పెడితే గేదెలకు హాని ఉంటుందా? నేల పాడవుతుందా?

జవాబు: వేయొద్దండి. ఆ గింజలకు మన దేశంలో సాగు అనుమతి లేదు. అయితే చట్టం సంగతి పక్కన పెట్టినా, మీ రెండు బాధల్లో పెద్దదైన గులాబీ పురుగుకు అది మందు కాదు.

2002లో అనుమతి వచ్చిన మొదటి బీటీ పత్తిలో (పురుగును చంపే బాక్టీరియా జన్యువు చేర్చిన పత్తి) క్రై1ఏసీ అనే ఒక్క జన్యువు ఉండేది. 2006లో వచ్చిన బీజీ–2 (బోల్‌గార్డ్–2)లో క్రై2ఏబీ కూడా చేరింది. ఆ లెక్కన బీజీ–3 అంటే పురుగును చంపే మూడో జన్యువు ఉందని అందరూ అనుకుంటారు. అమ్మేవాళ్ళకు కావలసిందీ అదే. ఆస్ట్రేలియా, అమెరికాల్లో మూడు పురుగు జన్యువులున్న పత్తి నిజంగానే ఉంది కానీ, మన ఊళ్ళలో లూజుగా తిరిగేది అది కాదు. ఇందులో అదనంగా ఉన్నది గడ్డి మందు గ్లైఫోసేట్‌ను తట్టుకునే జన్యువు మాత్రమే. పురుగు విషయంలో అది మహా అయితే బీజీ–2తో సమానం. ఆ బీజీ–2కే గులాబీ పురుగు చాలాకాలంగా లొంగడం లేదు.

ఎందుకు లొంగడం లేదో కాయ పగలగొట్టి చూస్తే అర్థమవుతుంది. మనం వేసేది హైబ్రిడ్, అంటే రెండు రకాలను కలిపి తీసిన విత్తనం. దాని కాయలో ఉండే గింజలు తర్వాతి తరానివి, అన్నిటికీ జన్యువులు ఒకేలా పంచుకోవు. సగటున 16 గింజల్లో ఒకదానికి రెండు బీటీ జన్యువుల్లో ఏదీ రాదు, ఆరింటికి ఒక్కటే వస్తుంది. గులాబీ పురుగు తినేది ఆకు కాదు, ఈ గింజనే. ఒకే కాయలో విషం లేని గింజ, సగం విషం ఉన్న గింజ, పూర్తి విషం ఉన్న గింజ పక్కపక్కనే దొరికితే పురుగు మెల్లగా అలవాటు పడుతుంది. దానికి తోడు పత్తిని ఫిబ్రవరి, మార్చి దాకా ఉంచి దానికి మేత అందించాం. పురుగు విషానికి అలవాటు పడకుండా బీటీ కాని మొక్కలు నాలుగు వైపులా వేయమని చిన్న ప్యాకెట్ విడిగా ఇచ్చిన రోజుల్లో దాన్ని గట్టున పారేసినవాళ్ళే ఎక్కువ. ఇప్పుడు ఆ గింజలను 475 గ్రాముల ప్యాకెట్‌లోనే కలిపి ఇస్తున్నారు.

ఇక గడ్డి మందు. గ్లైఫోసేట్‌ను ఎవరు పడితే వారు కొట్టకూడదని, శిక్షణ పొందిన తెగుళ్ళ నియంత్రణ ఆపరేటర్లే వాడాలని కేంద్రం 2022లో ఉత్తర్వు ఇచ్చింది. మీ మటుకు మీకు అంతకంటే దగ్గరి ప్రమాదం ఉంది. గాలికి ఆ తుంపర పక్కనున్న మీ మిర్చి మీద పడితే ఆ ఎకరం పోయినట్టే. ఏటా అదే మందు కొట్టిన అమెరికా పత్తి పొలాల్లో తోటకూర జాతి కలుపు మందుకు చావకుండా మొండికేసింది. ఇంకొకటి, మీరు కౌలుదారు. బిల్లు, లాట్ నంబరు లేని గింజ మొలవకపోయినా, కాయ పట్టకపోయినా పరిహారం అడగడానికి మీ చేతిలో కాగితం ఉండదు. రైతు సేవా కేంద్రంలోనో లైసెన్సు ఉన్న దుకాణంలోనో బిల్లుతో కొని, ఖాళీ ప్యాకెట్ పంట అయ్యేదాకా దాచండి.

కలుపుకు అనుమతి ఉన్న దారే చాలు. విత్తిన 24 నుంచి 48 గంటల్లోపు, నేలలో తేమ ఉన్నప్పుడు పెండిమిథాలిన్ 30 శాతం మందు ఎకరాకు 1.3 లీటర్లు 200 లీటర్ల నీటిలో కలిపి కొట్టండి. 20–25 రోజులకు కలుపు రెండు నాలుగు ఆకుల మీద ఉండగా పైరిథయోబాక్ సోడియం 10 శాతం 250 మి.లీ., క్విజలోఫాప్ ఇథైల్ 5 శాతం 400 మి.లీ. కలిపి ఎకరాకు కొడితే వెడల్పాకు కలుపు, గడ్డి రెండూ పోతాయి. ఈ రెండో విడత మందు కూడా మిర్చి మీద పడనీయొద్దు. ఆ తర్వాత గుంటక తోలండి. గుంటక ఆగని పొలంలో కూలీల ఖర్చు సగానికి సగం తగ్గడం నేను చూస్తూనే ఉన్నాను.

గులాబీ పురుగుకు విత్తిన 45 రోజుల నుంచే ఎకరాకు నాలుగైదు లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టేవి) పెట్టండి. బుట్టకు రోజుకు ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రోజులు పడితే మందుకు సిద్ధం కావాలి. ఉదయం చేలోకి వెళ్ళినప్పుడు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకున్న పూలు వెతకండి. రేకులు సన్నటి దారంతో కుట్టేసినట్టు అంటుకుని ఉంటాయి, విప్పితే లోపల పురుగు దొరుకుతుంది. ఈ గుడ్డి పూలను ఏరి నాశనం చేయండి. కాయ దశలో అక్కడక్కడ 20 పచ్చి కాయలు కోసి పగలగొట్టండి. రెండింట్లో పురుగు కనిపిస్తే ప్రొఫెనోఫాస్ లీటరు నీటికి 2 మి.లీ. లేదా థయోడికార్బ్ 1.5 గ్రాములు కొట్టాలి. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే రకం పురుగు మందులను మాత్రం విత్తిన 120 రోజుల లోపు ముట్టుకోవద్దు. 1980ల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అవి వరసబెట్టి కొట్టి తెల్లదోమను నెత్తికి తెచ్చుకున్న సంగతి మీ ఊరి పెద్దలను అడగండి. జనవరికల్లా పంట ముగించి, కట్టె పీకి ముక్కలు చేసి దున్నేయండి. కట్టెను గట్టు మీద కుప్ప వేస్తే దాంట్లోని పురుగే మళ్ళీ చేలోకి వస్తుంది.

నేల విషయానికొస్తే, బీటీ జన్యువు తీసుకున్నదే మట్టిలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బాక్టీరియా నుంచి. ఆకు రాలాక ఆ జన్యువు తయారుచేసిన ప్రోటీన్ మట్టిలో విరిగిపోతుంది. మొదట్లో పచ్చ పురుగుకు కొట్టే మందులు బాగా తగ్గాయి కూడా. అయితే రసం పీల్చే పచ్చదోమ, తామర పురుగు, తెల్లదోమ మీద బీటీ పని చేయదు, వాటికి కొట్టే మందులు పెరిగాయి. పొలానికి చేటు అక్కడుంది.

గేదెల సంగతి. బీటీ ప్రోటీన్ పని చేయాలంటే పురుగు పేగులో ఉండే క్షార గుణం, దానికి అతుక్కునే చోటు రెండూ కావాలి. గేదె కడుపులో అది మామూలు మాంసకృత్తిలాగే అరిగిపోతుంది. మందు కొట్టిన చేలోకి మాత్రం గొడ్లను, గొర్రెలను తోలొద్దు. పత్తి గింజలో బీటీ ఉన్నా లేకపోయినా గాసిపాల్ అనే విషం సహజంగానే ఉంటుంది, కాబట్టి చిన్న దూడలకు చెక్క పెట్టకండి. పాలలోకి దిగేది చెక్కకు పట్టే బూజు విషం. చెక్క ముక్కిన వాసన వస్తే ఎంత పోసి కొన్నా గేదె ముందు పెట్టొద్దు.