ఒక్క జీతంతో నడిచే ఇంట్లో, నోరు కట్టుకోకుండా ఖర్చు ఎలా తగ్గించుకోవాలి?

హైదరాబాద్‌లో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు, అత్తమామలు, ఆయన జీతం ఒక్కటే, ఇరవయ్యో తేదీకే చేతిలో ఏమీ ఉండటం లేదని రాశారు. పాలు ఒక ప్యాకెట్ తగ్గించాలా, పండ్లు మానేయాలా అని అడిగారు. మాదీ ఇంచుమించు ఇలాంటి ఇల్లే, ఆరుగురం ఉంటాం. ముందుగా ఒక మాట చెప్తాను. పాలు, గుడ్లు, పప్పు, పండ్ల జోలికి మాత్రం వెళ్లకండి. మన ఇళ్లలో పొదుపు అనగానే మొదట ఇల్లాలి కంచంలో కూర తగ్గుతుంది, తర్వాత పిల్లల గ్లాసులో పాలు తగ్గుతాయి. దానివల్ల మిగిలేదానికంటే ఎక్కువ డబ్బు మన కంటికి కనిపించకుండా వేరేచోట పోతోంది. దాన్ని పట్టుకుందాం.

కరెంటు బిల్లుతో మొదలుపెట్టండి. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారం, నెలకు 101 నుంచి 200 యూనిట్ల దాకా వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3.40 చొప్పున, ఆ పైవి 4.80 చొప్పున పడతాయి. 195 యూనిట్లు కాలితే 796 రూపాయలు. మరి 205 కాలితే? దాటిన అయిదు యూనిట్లకే ఎక్కువ రేటు పడుతుందని చాలామంది అనుకుంటారు. కానీ 200 దాటగానే మొదటి యూనిట్ నుంచీ లెక్క మారిపోతుంది. 200 యూనిట్లకూ 5.10 చొప్పున 1,020, పైన అయిదింటికి 7.70 చొప్పున 38.50, మొత్తం 1,058.50. పది యూనిట్ల తేడాకి 262 రూపాయలు! ఫిక్స్‌డ్ ఛార్జీల్లాంటివి దీనికి అదనం. రేషన్ కార్డుతో గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు) వస్తున్న ఇళ్లకైతే ఈ 200 ఇంకా ముఖ్యం, దాటిన నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే. (ఆంధ్రలో చదివేవాళ్ల కోసం: అక్కడ 2022లో అందరికీ ఒకే వరుస శ్లాబులు పెట్టారు కాబట్టి ఈ గెంతు లేదు. కానీ 225 దాటిన యూనిట్లకు 8.75 పడుతుంది.)

అందుకే మా ఇంట్లో బిల్లు కొట్టిన రోజు రీడింగ్ క్యాలెండర్ మీద రాసి పెడతాం. సగం నెల గడిచాక మళ్లీ మీటర్ చూస్తాం. మీటర్‌లో అంకెలు మారుతూ ఉంటాయి, పక్కన కేడబ్ల్యూహెచ్ (kWh) అని వచ్చినప్పుడు కనిపించేవే యూనిట్లు. రెండు రీడింగుల తేడా అప్పటికే వంద బాగా దాటి ఉంటే మిగిలిన రెండు వారాలు జాగ్రత్త పడతాం. దేంట్లో జాగ్రత్త పడాలో తెలియడానికి ఒక్క లెక్క చాలు: వెయ్యి వాట్లు గంట సేపు వాడితే ఒక యూనిట్. గీజర్ రెండు వేల వాట్లయితే అరగంటకే ఒక యూనిట్. పాత ఫ్యాన్ 75 వాట్లు. ఫ్యాన్‌దేముందిలే అనిపిస్తుంది గానీ మూడు ఫ్యాన్లు రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 100 యూనిట్లు వాటికే పోతాయి. బీఎల్‌డీసీ అనే కొత్తరకం మోటారున్న ఫ్యాన్ అదే గాలిని 30 వాట్లతో ఇస్తుంది. మూడూ మారిస్తే నెలకు 60 యూనిట్ల దాకా తగ్గుతాయి. అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు, ఎక్కువగా తిరిగేది ఏదో చూసి అదొక్కటి ముందు మార్చండి. అద్దె ఇల్లని వెనకాడకండి, ఓనర్ ఫ్యాన్ అటక మీద దాచి, ఇల్లు మారేటప్పుడు మళ్లీ బిగించి మీది మీరు తీసుకెళ్లొచ్చు. ఏసీ ఉంటే 26లో పెట్టి ఫ్యాన్ తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ లెక్క.

ఇక సరుకులు. నెలనెలా కొనేవాటిలో ఏడాదికోసారి కొనాల్సినవి కొన్ని ఉన్నాయి. మన పెద్దవాళ్లు చేసింది అదే, ఫ్లాట్లలోకి వచ్చాక చోటు లేదని మానేశాం. నిజానికి మంచం కింద రెండు డబ్బాల చోటు చాలు. చింతపండు కొత్తది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది. గింజతో ఉన్నది చవగ్గా కనిపిస్తుంది, కానీ గింజ, పెచ్చు పోగా మిగిలే బరువు చూసుకోవాలి. ముందు ఒక్క కిలో తెచ్చి, గింజ తీసి తూకం వేసి చూడండి, ఏది లాభమో తెలిసిపోతుంది. మా అత్తమ్మ గింజలు, ఈనెలు తీసి, పళ్లేల్లో పరిచి ఎండలో పెడుతుంది. వేలితో నొక్కితే తడి తగలకూడదు. తర్వాత జాడీలో పొరకో గుప్పెడు కల్లుప్పు చల్లుతూ పిడికిలితో అదిమి అదిమి పెట్టి, మూతికి గుడ్డ కడుతుంది. ఏడాది తిరిగేసరికి నల్లబడుతుందే తప్ప పులుపు తగ్గదు, పురుగు పట్టదు.

మిర్చి కూడా అప్పుడే కొంటాం. గుంటూరు, ఖమ్మం, వరంగల్ మార్కెట్లకు కొత్త కాయ దిగే రోజులవి. కారానికి తేజ, రంగుకి కొంచెం బ్యాడిగి కలిపి, తొడిమలు తీసి, గలగలలాడేదాకా ఎండబెట్టి, దగ్గరుండి గిర్నీలో పట్టిస్తాం. ప్యాకెట్ కారం వాడినప్పటికంటే కూరలో వేసే చెంచాలు తగ్గాయి, అది అసలు ఆదా. కందిపప్పు కొత్త పంట జనవరి తర్వాత వస్తుంది. కొంచెం ఆముదం పట్టించి, ఎండబెట్టి డబ్బాలో పోస్తే నిల్వ ఉంటుంది, వండే ముందు కడుక్కోవాలి.

బియ్యం మాత్రం మేం నెలకు సరిపడానే కొంటాం. 2022 జూలై నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు బస్తాల మీద 5 శాతం జీఎస్టీ పడుతోంది, అందుకే కొట్లలో 26 కిలోల బస్తాలు కనిపిస్తాయి. బస్తా ధర చూడకుండా కిలో ఎంత పడిందో అడగండి. పాత సోనామసూరికి కిలోకి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు, అన్నం ఒదుగుతుంది.

కూరగాయలకు వారానికోసారి రైతుబజారుకే వెళ్లండి. 1999 నుంచి ఉన్న ఏర్పాటు ఇది, ఆ రోజు ధరలు బోర్డు మీద రాసి ఉంటాయి కాబట్టి బేరమాడే పని లేదు. కొత్తిమీర కట్ట కోసం పది నిమిషాల్లో తెచ్చే యాప్ తెరిస్తే దానితోపాటు ఇంకో మూడు వస్తువులు వచ్చేస్తాయి, ఆ యాప్ ఫోన్‌లోంచి తీసేయడమే మంచిది. గ్యాస్ సంగతి మీకు చెప్పేంత లేదు. పప్పు అరగంట ముందు నానబెట్టండి, అన్నం, పప్పు ఒకే కుక్కర్‌లో గిన్నెలు పెట్టి దించండి. బండ తెచ్చినప్పుడు తూకం వేయించుకోండి, ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది, దానిపైన 14.2 కిలోలు ఉండాలి.

మీ అత్తమామలు బీపీకో షుగర్‌కో మందులు వాడుతుంటే ఇది తప్పకుండా చూడండి. రోజూ వేసుకునే మాత్రల ఖర్చు ఆగేది కాదు, ఏడాదికి లెక్కేస్తే గుండె గుభేలుమంటుంది. ప్రభుత్వ పథకం కింద నడిచే జన ఔషధి కేంద్రాల్లో అవే మందులు బ్రాండు పేరు లేకుండా చాలా తక్కువకు దొరుకుతాయి. మాత్రల అట్ట వెనక అసలు మందు పేరు, మిల్లీగ్రాములు రాసుకుని, డాక్టర్‌కు చూపించి, ‘ఇవి అక్కడ తీసుకోవచ్చా అండీ’ అని అడగండి. మా మామయ్యగారి డాక్టర్ ఆయనే కాగితం మీద జనరిక్ పేర్లు రాసిచ్చారు. థైరాయిడ్ మాత్ర మాత్రం డాక్టర్‌ను అడగకుండా కంపెనీ మార్చొద్దు, మోతాదులో చిన్న తేడా వచ్చినా రక్తపరీక్షలో తెలుస్తుంది.

ఏడాది సరుకు ఒకేసారి కొనడానికి డబ్బెక్కడిది అంటారు, సరైన ప్రశ్నే. ఒక్క జీతం ఇంట్లో మార్చిలో అంత మొత్తం ఉండదు. మేం బ్యాంకులో 12 నెలల ఆర్డీ (నెలనెలా కొంత కట్టే డిపాజిట్) వేసుకుంటాం, జీతం పడిన మర్నాడే దానంతట అది కట్ అయ్యేలా పెట్టాం. మార్చిలో మొదలుపెడితే వచ్చే మార్చికి, సరిగ్గా మిర్చి, చింతపండు వచ్చే వేళకి చేతికొస్తుంది. మీరు మీటర్ చూసి తగ్గించిన ఆ రెండొందల అరవైతోనే మొదలుపెట్టొచ్చు. మొదటి ఏడాది చింతపండు, కారం వరకే చూసుకోండి. పప్పు సంగతి ఆ తర్వాతి ఏడాది చూడొచ్చు.