క్లినిక్‌లో వైట్‌నింగ్ మంచిదా, ఇంట్లో చేసుకునేదా? రెండూ చేయించుకున్నాను, చెప్తాను

మీరు అడిగింది ఇదీ కదా: పళ్లు పసుపుగా ఉన్నాయి, రెండు నెలల్లో పెళ్లి, డెంటిస్ట్ దగ్గర గంటలో అయ్యేది చేయించుకోవాలా లేక స్ట్రిప్స్ (పళ్లకి అంటించుకునే మందు పట్టీలు) తెచ్చుకుని ఇంట్లోనే కానిచ్చేయాలా, పైగా పైవరసలో ముందు పన్నుకి క్యాప్ ఉంది అని. నేను మొదట స్ట్రిప్స్ వాడాను, తర్వాత క్లినిక్‌లో చేయించుకున్నాను, ఆఖరికి డెంటిస్ట్ ఇచ్చిన ట్రేలతో (జెల్ వేసి పళ్లకి తొడుక్కునే తొడుగులు) ఇంట్లో చేసుకున్నాను. నన్నడిగితే మీకు టైమ్ ఉంది కాబట్టి మూడోదే చేయండి. ఎందుకో చెప్తాను.

అన్నింటికంటే ముందు ఒకసారి పళ్లు చూపించుకుని క్లీనింగ్ చేయించుకోండి, దీన్ని మాత్రం వదిలేయొద్దు. నా పళ్ల మధ్య ముదురు రంగులో ఉన్నదంతా పళ్ల రంగే అనుకున్నాను, సగం గారేనట, కాఫీ మరకలట, క్లీనింగ్ అయ్యేసరికే చాలా తేడా వచ్చింది. ఇంకోటి, పిప్పి పన్ను ఉన్నా, చిగుళ్లు కిందికి జారి వేరు బయటపడి ఉన్నా వైట్‌నింగ్ మందు అక్కడ భరించలేనంత లాగుతుంది. అన్ని పళ్లూ బాగుండి ఒక్క పన్నే నల్లబడితే అది అసలు వేరే కథ, లోపల నరం చచ్చిపోయి ఉండొచ్చు, దానికి ఎక్స్‌రే తీయాలి, పైన ఎంత జెల్ రాసినా లాభం లేదు.

మందు ఎక్కడైనా ఒకటే జాతి. హైడ్రోజన్ పెరాక్సైడ్, లేదా నోట్లో పడ్డాక అదిగా మారే కార్బమైడ్ పెరాక్సైడ్. అది పై పొర ఎనామిల్‌లోంచి లోపలికి దిగి కింద ఉన్న డెంటిన్ దాకా వెళ్లి రంగునిచ్చే అణువుల్ని విరగ్గొడుతుంది. అంటే గీకడం కాదు. బొగ్గు పేస్టులు, నిమ్మరసం రుద్దడం లాంటివి చేసేది అచ్చంగా అరగదీయడమే, యాసిడ్‌కి మెత్తబడిన ఎనామిల్ మీద బ్రష్ వేసి రుద్దితే ఆ పొర పోతుంది, పోయింది మళ్లీ రాదు, లోపలి డెంటిన్ సహజంగానే పసుపు కాబట్టి కొన్నాళ్లకి పళ్లు ఇంకా పచ్చగా కనిపిస్తాయి. దయచేసి అవి ముట్టుకోకండి.

క్లినిక్ సంగతి. ముందు షేడ్ గైడ్ అని చిన్న చిన్న నకిలీ పళ్లు వరసగా ఉండే పట్టీ తెచ్చి నా పన్ను పక్కన పెట్టి అద్దంలో చూపించారు, నాది A3.5 (A పక్కన అంకె పెరిగేకొద్దీ రంగు ముదురు, ఆ వరసలో A1 అన్నింటికంటే తెలుపు). పెదాలు వెనక్కి లాగి ఉంచే ప్లాస్టిక్ ఫ్రేమ్ పెట్టారు, చిగుళ్ల అంచు పొడవునా నీలంగా ఉండే ముద్ద పూసి లైట్ వేసి గట్టిపడేలా చేశారు, జెల్ చిగురుకి తగిలితే కాలుతుంది కాబట్టి ఆ గోడ. అప్పుడు 35 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ జెల్, 15 నిమిషాలు ఉంచడం, తీసేయడం, మళ్లీ కొత్తది, అలా మూడుసార్లు. లేచి అద్దం చూసుకుంటే A1, నమ్మలేకపోయాను, అంత సంతోషం వేసింది. ఆ రాత్రి మాత్రం నరకం చూశాను. ఏమీ తినకుండా తాగకుండా ఊరికే పడుకుని ఉంటే ఉన్నట్టుండి ఒక పన్నులో కరెంట్ కొట్టినట్టు జివ్వుమనేది, నిమిషం ఆగి ఇంకో పన్నులో. మర్నాటికి తగ్గింది. పది రోజులకి షేడ్ A2కి దిగి అక్కడ ఆగింది. మోసమేమీ లేదు, అంతసేపు నోరు తెరిచి ఉంచితే పళ్లలో తడి ఆరిపోయి ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తాయి, తడి తిరిగి చేరాక అసలు రంగు తెలుస్తుంది. ఈ ముక్క నాకు ముందే ఎవరైనా చెప్పుంటే బాగుండేది. కొన్నిచోట్ల జెల్ మీద వేసే నీలం లైట్ల గురించి కూడా పెద్దగా ఆశపెట్టుకోకండి, పని చేసేది జెల్, లైట్ వల్ల నిలిచే తేడా పెద్దగా ఉండదు.

స్ట్రిప్స్ గురించి ఎక్కువ చెప్పను. పని చేస్తాయి, కానీ నా పళ్లు కొంచెం వంకర, స్ట్రిప్ తిన్నగా ఉంటుంది, అది అంటుకోని సందులు పచ్చగానే మిగిలాయి, చిగురు మీదికి జారినచోట తెల్లటి మచ్చ పడి మండింది.

ఇక ట్రేలు. ఈ పద్ధతి కొత్తదేం కాదు, 1989 నుంచీ డెంటిస్టులు రాసి పెట్టుకున్నదే. పళ్ల అచ్చు తీసుకుని మన పళ్లకి సరిగ్గా పట్టే పల్చటి ట్రేలు చేసిచ్చారు, 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ సిరంజిలు ఇచ్చారు. 10 అంటే క్లినిక్ 35తో పోల్చి భయపడక్కర్లేదు, అది హైడ్రోజన్ పెరాక్సైడ్ లెక్కలో మూడున్నర శాతమే అవుతుంది, కానీ కొన్ని గంటలపాటు నెమ్మదిగా పని చేస్తుంది, అందుకే రాత్రి పెట్టుకుని పడుకోమంటారు. ఒక్కో పన్ను గుంటలో బియ్యపుగింజంత చాలు, నేను మొదటిరోజు దండిగా వేస్తే అంతా చిగుళ్ల మీదికి పొంగింది, పొంగినదాన్ని వేలితోనో మెత్తటి బ్రష్‌తోనో తుడిచేయాలి. నాలుగో రాత్రికి చల్లనీళ్లు తాగితే లాగడం మొదలైంది. డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఒక రాత్రి మానేయమన్నారు, జెల్ బదులు పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివిటీ పేస్ట్ ట్రేలో వేసి ఇరవై నిమిషాలు పెట్టుకోమన్నారు, తర్వాత రాత్రి విడిచి రాత్రి చేశాను. అంతా కలిపి మూడు వారాలు పట్టింది, A1కి వచ్చింది, వెనక్కి జారింది చాలా తక్కువ. ఆర్నెల్ల తర్వాత కాఫీ వల్ల కొద్దిగా మసకేస్తే అవే ట్రేలు తీసి రెండు రాత్రులు పెట్టుకున్నాను, సరిపోయింది. క్లినిక్‌దైతే మళ్లీ కుర్చీ ఎక్కాల్సిందే.

మరి క్లినిక్ ఎప్పుడు? వారంలో ఫంక్షన్ ఉంటే, ట్రే పెట్టగానే వాంతి వచ్చినట్టయ్యేవాళ్లైతే, రోజూ చేసే ఓపిక లేకపోతే. గర్భంతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు మాత్రం ఏదైనా తర్వాతకి వాయిదా వేసుకోవడమే మంచిది. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ మందుల వల్ల బూడిదరంగు పట్టిన పళ్లకి మూడు వారాలు చాలవు, నెలలు పడుతుంది. ఫ్లోరైడ్ తెల్లమచ్చలున్నవాళ్లకి మొదట్లో ఆ మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, భయపడొద్దు, చుట్టూ తెల్లబడేకొద్దీ చాలామందికి కలిసిపోతాయి.

మీ క్యాప్ సంగతి ఇప్పుడే డెంటిస్ట్‌తో మాట్లాడండి. క్యాప్, సిమెంట్ ఫిల్లింగ్ ఏ మందుకీ రంగు మారవు, చుట్టూ పళ్లు తెల్లబడి అదొక్కటే పచ్చగా మిగిలిపోతుంది. కాబట్టి ఈ వారం క్లీనింగ్, ట్రేలకి అచ్చు ఇచ్చేయండి, ఆపైన మూడు వారాలు జెల్, తర్వాత రెండు వారాలు ఏమీ చేయకుండా ఆగండి, రంగు కుదురుకోవాలి, పైగా వెంటనే అయితే అతికించేది సరిగ్గా పట్టదు. అప్పుడు ఆ షేడ్‌కి కొత్త క్యాప్. మీ రెండు నెలల్లో ఇదంతా పడుతుంది, కానీ వచ్చే నెల చూద్దాంలే అనుకుంటే పట్టదు.