వానలు తగ్గాక లెదర్ జాకెట్ మీద తెల్లపొర: కొబ్బరి నూనె రాయవచ్చా?

కొబ్బరి నూనె మాత్రం రాయకండి. వానలు తగ్గాక జాకెట్ మీద, గ్లౌజుల మీద తెల్లటి పొర కనిపించిందనీ, ఇంట్లో పెద్దవాళ్లు నూనె పట్టించమన్నారనీ రాశారు. ఆ పొర ఏమిటో తేల్చుకోకుండా దాని మీద ఏది రాసినా నష్టమే.

నేనూ విశాఖలోనే, బీచ్ రోడ్డుకు దగ్గరలో ఉంటాను. చాలా ఏళ్లుగా లెదర్ వేసుకునే బండి నడుపుతున్నాను. మన ఊళ్లో లెదర్‌కు శత్రువు తడి. గాలిలో తేమ ఏడాదిలో చాలా భాగం 70 శాతం పైనే ఉంటుంది; బూజుకు అది చాలు. దానికి తోడు చెమట, సముద్రపు గాలి తెచ్చే ఉప్పు. వీడియోల్లో జాకెట్‌కు దండిగా నూనె పట్టించేవాళ్లలో చాలామంది పొడి వాతావరణంలో ఉంటారు, వాళ్ల లెదర్ ఎండి పగులుతుంది. ఇక్కడ శుభ్రం చేయడం, ఆరబెట్టడం ఎక్కువగా, క్రీము రాయడం తక్కువగా ఉండాలి.

తెల్లపొర మూడు రకాలుగా వస్తుంది. హెయిర్ డ్రయ్యర్‌ను కాస్త దూరంగా పట్టుకుని, తక్కువ వేడి మీద కొద్ది సెకన్లు గాలి తగలనివ్వండి. పొర కరిగి మాయమైతే అది లెదర్‌లోని కొవ్వు పైకి తేలినది. పొడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది, ప్రమాదం లేదు. కరగకపోతే తడిగుడ్డతో తుడవండి. నీటిలో కలిసిపోయి, ఆరాక మళ్లీ గీతలుగా తేలితే అది చెమట ఉప్పు. చంకలు, మెడపట్టీ, మణికట్ల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. నూగులా ఉండి ముక్కిపోయిన వాసన వస్తే బూజే. కొబ్బరి నూనె వద్దనడానికి ఇంకో కారణమూ ఉంది. అది సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఇప్పుడు లోపలికి ఇంకినట్టే ఉంటుంది. లంబసింగి చలిలోకి వెళ్లేసరికి తెల్లగా పైకి తేలుతుంది. పైగా కొంతకాలానికి కనరు వాసన వస్తుంది.

బూజు అయితే జాకెట్‌ను ఇంటి బయటకు తీసుకెళ్లి, ముక్కుకు మాస్కు కట్టుకుని, మెత్తని బ్రష్‌తో దులపండి. తరువాత తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి, గుడ్డను అందులో ముంచి గట్టిగా పిండి తుడవండి. ముందు కాలర్ అడుగున కాస్త రాసి రంగు దిగుతోందేమో చూడాలి. లోపలి లైనింగ్‌ను వదిలేయకండి, బూజు మొదలయ్యేది చాలాసార్లు అక్కడే.

ఉప్పుకు, మామూలు మురికికి లెదర్ క్లీనర్ కొనండి. బట్టల సబ్బు, గిన్నెలు తోమే లిక్విడ్ వద్దు. లెదర్ స్వభావం కొద్దిగా ఆమ్లం. క్షారం ఎక్కువగా ఉండే సబ్బు దాన్ని బిరుసెక్కిస్తుంది. భుజాలు, మోచేతుల దగ్గర దెబ్బ తగలకుండా పెట్టే ఆర్మర్ ప్యాడ్లు ముందే తీసేయండి. ఛాతీ మీద ఎండిపోయిన పురుగులను గోకవద్దు; తడిగుడ్డ కాసేపు పరిచి ఉంచితే అవే మెత్తబడి వస్తాయి. స్వెడ్ (నూగు తేలిన మెత్తటి లెదర్) ముక్కలకు ఇవేవీ వద్దు, పొడి బ్రష్ చాలు.

ఆరబెట్టేటప్పుడు మేడ మీద ఎండలో వేయాలనిపిస్తుంది. దయచేసి వద్దు. తడి లెదర్‌కు వేడి తగిలితే కుంచించుకుపోయి గట్టిపడుతుంది, తరువాత ఏం రాసినా పూర్వపు మెత్తదనం రాదు. వెడల్పు హ్యాంగర్‌కు తగిలించి, జిప్పులన్నీ తీసి, ఫ్యాన్ కింద నీడలో రెండు మూడు రోజులు ఉంచండి.

పూర్తిగా ఆరాకే కండిషనర్, అంటే లెదర్‌ను మెత్తగా ఉంచే క్రీము. ఏడాదికి రెండుసార్లు చాలు: వానలు వెళ్లిపోయిన డిసెంబరులో ఒకసారి, వేసవి చివర ఇంకోసారి. నూలుగుడ్డ మీద కొద్దిగా తీసుకుని మోచేతుల మడతలకు, కుట్ల వెంబడి పలుచగా రుద్ది, రాత్రంతా ఉంచి, మిగిలింది తుడిచేయండి. చిల్లుల లెదర్ అయితే ఇంకా తక్కువ, లేకపోతే చిల్లులు పూడుకుపోతాయి. నూనె ఎక్కువైన లెదర్ సాగుతుంది, జాకెట్ వదులవుతుంది. వదులైన జాకెట్‌లో, కింద పడ్డప్పుడు ప్యాడ్ మోచేతి మీద నిలవకుండా పక్కకు జరుగుతుంది. మనం ఇంత ఖరీదు పెట్టి కొనేది ఆ ఒక్క క్షణం కోసమే కదా.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు తీసేసి పాత దుప్పటి కప్పండి. ఇనుప బీరువాలో గోడవైపు నొక్కి పెట్టవద్దు. నాఫ్తలీన్ ఉండలు తేమను పీల్చవు, సిలికా జెల్ పీలుస్తుంది. వానాకాలంలో దాన్ని తరచు మార్చాలి.

గ్లౌజులకు మాత్రం బండి దిగిన ప్రతిసారీ పని ఉంటుంది. భీమిలి దాకా వెళ్లి వచ్చినా అరచేతులు చెమటతో నానిపోతాయి. హెల్మెట్‌లో కుక్కి పెట్టకుండా, వేళ్లు పైకి ఉండేలా నిలబెట్టి ఆరనివ్వండి. అరచేతి కుట్టు ఎక్కడైనా వదిలితే క్రీము రాయకముందే, గట్టి నైలాన్ దారంతో కుట్టించండి.